నా దగ్గరుండిపోయిన మాట

నిన్న సాయంత్రం తెనాలిలో మా ఆఫీసు వెనక కళ్యాణమండపంలో నాటకం రిహార్సలు జరుగుతోంది. కిటికీ తెరిచే ఉంది. ఎవరో నటుడు మంచి ఊపులో డైలాగు చెబుతూ చెబుతూ ఠక్కున ఆగిపోయాడు. రెండు క్షణాలు గడిచాయో లేదో, పక్క నుంచి ఒక ఆడగొంతు సన్నగా మొదటి ముక్క అందించింది. అతను దాన్ని పట్టుకుని మళ్ళీ ఎత్తుకున్నాడు. ఆ గొంతు రెహానా గారిది కాదని నాకు తెలుసు, ఆవిడ ఇప్పుడు బాపట్లలో ఉంటోంది. అయినా లోపల పాత మంట భగ్గుమంది. ఆవిడ గుర్తొస్తే మా ఆఫీసులో మిగతావాళ్ళకి గౌరవం పుట్టుకొస్తుంది. నాకు ముందు అసూయ వస్తుంది, మిగతావన్నీ దాని వెనకాల తీరుబడిగా వస్తాయి. ఆవిడ గురించి రాయాలని కూర్చున్నాను కాబట్టి ఈ సంగతి ముందే ఒప్పేసుకుంటున్నాను.

మాది చిన్న కంపెనీ. రేపల్లె, నిజాంపట్నం వైపు రొయ్యల చెరువులున్న రైతులు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడి వాళ్ళ పనులు చక్కబెట్టే సాఫ్ట్‌వేర్ తయారు చేస్తాం. ఒకరు పక్కనుండి నడిపించకపోయినా తన పని తాను చేసుకుపోయే ఈ సాఫ్ట్‌వేర్‌ను మేం ఏజెంటు అంటాం. అలాంటివి మాకు నాలుగున్నాయి. ఒకటి రైతుతో ఫోన్లో మాట్లాడుతుంది. ఒకటి బాపట్లలోని ల్యాబు పంపే నీటి పరీక్షల, రొయ్య పరీక్షల రిపోర్టులు చదువుతుంది. ఒకటి వానా గాలీ చూసి హెచ్చరిస్తుంది. నాలుగోది పట్టుబడి ఏజెంటు, రొయ్యలు పట్టించే రోజున వలవాళ్ళనీ ఐసునీ బండినీ కుదురుస్తుంది. నాలుగూ కలిసి ఒక జట్టు. ఒకదానికి తెలిసింది ఇంకోదానికి తెలియకపోతే మధ్యలో నలిగిపోయేది రైతు.

నాది రేపల్లె దగ్గర పల్లె. ఇంజినీరింగు అయిపోగానే, కంపెనీ పెట్టిన మొదటి నెలలోనే ఇక్కడ చేరాను. ఫోన్లో మాట్లాడే ఏజెంటు నా చేతుల మీదుగానే తయారైంది. జట్టుకి పెద్దగా నన్నే పెడతారని ఎంత నమ్మకమంటే, ఆ మాట మా అమ్మకి కూడా చెప్పేశాను. మా అమ్మ పక్కింటి వాళ్ళకి చెప్పింది. సరిగ్గా అలాంటి రోజుల్లో మా యజమాని ప్రసాద్ గారు ఒకావిడను వెంటబెట్టుకుని వచ్చారు. నలభైకి దగ్గరపడిన మనిషి, నూలు చీర, తల మీద కొంగు, చేతిలో స్టీలు క్యారేజీ. తెనాలిలోనే పుట్టి పెరిగిందట. మామూలు డిగ్రీ చదువుకుని, ఏదో కాల్ సెంటరులో పదేళ్ళు చేసిందట.

"శ్రీలతా, ఈవిడ రెహానా గారు. ఇక నుంచి నాలుగు ఏజెంట్ల పనీ ఈవిడ చూసుకుంటారు. పట్టుబడి ఏజెంటు ఈవిడే స్వయంగా చేస్తారు. నువ్వు కొంచెం అన్నీ చెప్పు" అన్నారు ప్రసాద్ గారు.

"అలాగేనండి" అన్నాను. అన్నీ చెప్పాను కూడా. కాకపోతే పది నిమిషాల్లో చెప్పేశాను. అన్ని సంగతులు పది నిమిషాల్లో చెప్పేయడం కూడా దాచడమేనని అప్పుడు నాకు తెలియకపోలేదు. వారం తిరిగేసరికి మిగతా ఇద్దరూ ఆవిడను అక్కా అని పిలవడం మొదలుపెట్టారు. నేను మాత్రం గారు దగ్గరే ఆగిపోయాను. అదేదో మర్యాద అనుకున్నారు అందరూ.

అంతకుముందు మా ఏజెంట్ల మధ్య నేను పెట్టిన పద్ధతి ఒకటుండేది. ఏ ఏజెంటుకి ఏది తెలిసినా అన్నీ ఒకేచోట రాయాలి, నాలుగూ అదంతా చదువుకోవాలి. అందరికీ అంతా తెలిస్తే పొరపాటన్నదే ఉండదని నా లెక్క. ఆవిడ వచ్చిన కొత్తల్లోనే నిజాంపట్నం నుంచి ఒక రైతు ఫోన్ చేసి మేత గురించి అడిగితే, మా ఏజెంటు ఆయనకి ఇంకెవరిదో ఐసు బండి ఎక్కడిదాకా వచ్చిందో వివరంగా చెప్పింది. "నాకు ఐసెందుకమ్మా తల్లీ, మేతెంతెయ్యాలో చెప్పమంటే!" అని ఆయన అరిచిన అరుపు రికార్డులో విని అందరం నవ్వుకున్నాం. నవ్వు అయ్యాక అందరూ నా వైపు చూశారు.

మర్నాడు రెహానా గారు నాలుగు కుర్చీలు విడివిడిగా వేయించింది. "ఇప్పుడు మీ ఏజెంట్లు మీరేనండి. నేను రైతుని. మీలో మీరు నోటితో మాట్లాడుకోకూడదు, చీటీలు రాసి అందించుకోండి" అంది. మా ముగ్గురికీ మూడు, నాలుగో కుర్చీలో ప్రసాద్ గారినే కూర్చోబెట్టింది. చెరువులో నీళ్ళు పచ్చబడ్డాయనీ, రేపు వాన వస్తే ఏం చేయాలనీ రైతులాగా అడిగింది. నేను ఒక పేజీ నిండా రాసి వాతావరణం చూసే అతనికి అందించాను. అతను మూడుసార్లు చదివి, తల గోక్కుని, చీటీ వెనక్కి తిప్పి కూడా చూసి, "ఇందులో నాక్కావలసింది ఏంటండి?" అన్నాడు. ప్రసాద్ గారు పకపకా నవ్వారు. రెహానా గారు నవ్వలేదు. ఆవిడ కూడా నవ్వి ఉంటే ఆ రోజే మర్చిపోయేదాన్నేమో.

ఆ రోజే ఆవిడ తన సంగతి చెప్పింది. వాళ్ళ నాన్నగారు నాటక సమాజాలకి మేకప్ చేసేవారట. ఈవిడ పదమూడో ఏట నుంచి తెర వెనక పుస్తకం పట్టుకుని నిలబడి నటులకి మాటలు అందించేదట. "నాటకం మొత్తం నా చేతిలో ఉండేదమ్మా. అలాగని స్టేజీ మీదాయనకి పుస్తకం ఇచ్చేస్తామా? ఇచ్చామంటే పక్కాయన మాట కూడా ఈయనే చెప్పేస్తాడు. ఎవరి మాట వాళ్ళకే అందించాలి. అదీ మొదటి ముక్కే. అదీ ఆగినప్పుడే. ముందే అందించావనుకో, తత్తరపడతాడు. ఆలస్యం చేశావా, జనం ఈల వేస్తారు."

"మరి ఎవరికి ఏం కావాలో మీకెలా తెలిసేదండి?" అని అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను.

"మొహం చూస్తే తెలిసేది. వీటికి మొహాల్లేవు కదా, అందుకని మనమే కూర్చుని రాసుకుందాం. ఎవరికి ఏం తెలుసు, అందులో ఎవరికి ఏం కావాలి. ఈ రెండే."

మూడు వారాలు అదే పని చేశాం. ల్యాబు రిపోర్టులో రోగం కనపడితే పట్టుబడి ఏజెంటుకి ఏ ముక్క వెళ్ళాలి, ఫోన్ ఏజెంటుకి ఏ ముక్క వెళ్ళాలి, వాన కబురు ఎవరికి అక్కర్లేదు, ఇలా ఒక్కొక్కటే రాసుకున్నాం. చెప్పింది అందిందో లేదో తెలియడానికి, విన్న మాటని ఏజెంటు చేత తిరిగి చెప్పించి అవతలివాళ్ళ చేత సరే అనిపించుకునే పద్ధతి కూడా ఆవిడే పెట్టింది. ఏజెంట్లు కుదురుకున్నాయి, రైతుల అరుపులు తగ్గాయి. ఆ పద్ధతి పనిచేయకూడదని నేను మనసులో ఎన్ని మొక్కులు మొక్కుకున్నానో లెక్కలేదు. శుభ్రంగా పనిచేసింది.

అసూయ అన్నది పెద్ద పెద్ద విషయాల దగ్గర పుడుతుందని అనుకుంటాం. నాకు ఆవిడ క్యారేజీ మూత తీసిన చప్పుడు దగ్గర కూడా పుట్టేది. మధ్యాహ్నం ఆవిడ తలో ముద్దా పెడితే అందరూ ఆహా ఓహో అని తినేవాళ్ళు. నేను ఆకలి లేదనేదాన్ని, ఆ వంకాయ కూర వాసనకి కడుపు మాడిపోతున్నా సరే. ఒకసారి మా అమ్మ ఆసుపత్రి పని మీద తెనాలి వచ్చి ఆఫీసులో గంటసేపు కూర్చుంది. వెళ్తూ వెళ్తూ, "ఆ రెహానమ్మ ఎంత మంచిదే! నువ్వు దగ్గుతున్నావని కూడా కనిపెట్టింది" అంది. నా దగ్గు సంగతి కూడా ఆవిడే చెప్పాలా అని మా అమ్మ మీద కసురుకున్నాను. జట్టు నాది, పల్లె నాది, రొయ్య నాది, ఆఖరికి దగ్గు కూడా నాదే, పేరు మాత్రం ఆవిడదన్నమాట.

సోమవారం నాలుగింటికి టీ తాగేటప్పుడు ఆవిడ ఒక ప్రశ్న అడిగేది. "ఎవరి దగ్గరన్నా మాట ఉండిపోయిందా?" తనకి తెలిసి, ఇంకొకరికి పనికొచ్చేదై ఉండి, చెప్పకుండా మిగిలిపోయిన సంగతి ఏదైనా సరే అప్పుడు చెప్పాలి. ఫలానా రైతుకి ఎడమ చెవి వినపడదనీ, ఫలానా ఊళ్ళో శుక్రవారం వలవాళ్ళు రారనీ అలా బయటపడేవి. ఎవరు చెప్పినా ఆవిడ, "ఇది ఎవరికి కావాలి?" అని అడిగి ఆ ఏజెంటుకే అందించేది.

ఆ రోజుల్లో నా దగ్గర ఒక మాట ఉండిపోయింది. మా రేపల్లె వైపు రైతు తన చెరువుల్ని రోడ్డు వైపు నుంచి లెక్కపెడతాడు. రోడ్డు పక్కది ఒకటోది, తర్వాతది రెండోది. మేం పనిచేసే ల్యాబు మనుషులు మురుగు కాలువ గట్టు మీదుగా వచ్చి నమూనాలు తీసుకుంటారు కాబట్టి వాళ్ళు ఆ చివర నుంచి లెక్కపెడతారు. నాలుగు చెరువులుంటే రైతు మూడోది వాళ్ళకి రెండోది. ఇది రొయ్యల రైతు ఇంట్లో పుట్టిన నాకు తట్టింది, తెనాలిలో పుట్టిన ఆవిడకి తట్టే అవకాశం లేదు. నా ఫోన్ ఏజెంటు నోట్సులో రాసుకున్నాను. దానివల్ల ల్యాబు నుంచి నేరుగా వచ్చిన చెరువు నంబరు నా ఏజెంటు ఎప్పుడూ తప్పు చెప్పేది కాదు. ఆవిడ చేసిన పట్టుబడి ఏజెంటుకి మాత్రం ల్యాబు నంబరు ఉన్నదున్నట్టు వెళ్ళేది. ఎప్పటికైనా అది తప్పుతుంది, అప్పుడు ప్రసాద్ గారికి తెలిసొస్తుంది అనుకున్నాను. మూడు సోమవారాలు ఆవిడ అడిగింది. మూడుసార్లూ ఆవిడ కళ్ళలోకి చూసి "లేదండి" అన్నాను.

నాలుగో వారం సాంబశివరావు గారి చెరువులో తెల్లమచ్చ రోగం కనపడింది. రేపల్లె అవతల ఊరు ఆయనది, అరవై దాటిన రైతు, నాలుగు చెరువులు. రోగం వస్తే ఆ చెరువు వెంటనే పట్టించేయాలి, లేకపోతే ఏమీ దక్కదు. రోగం ఆయన లెక్కలో మూడో చెరువుకి వచ్చింది. ల్యాబు రిపోర్టులో రెండు అని ఉంది. పొద్దున పదకొండు గంటలకి పట్టుబడి ఏజెంటు వలవాళ్ళకి "రెండో చెరువు" అని కబురు పంపడం నా కంప్యూటరులో నేను చూశాను. చూసి ఊరుకున్నాను. ఎలాగూ రైతుకి ఫోన్ వెళ్తుంది, తిరిగి చెబుతుంది, ఆయన కాదంటాడు, తప్పు బయటపడుతుంది, ఎవరికీ నష్టం ఉండదు, ఆవిడ పరువు మాత్రం కొంచెం పోతుంది. అదీ నా లెక్క. పట్టుబడి ఏజెంటు ఇచ్చిన నంబరు రైతు లెక్కేననుకుని నా ఏజెంటు దాన్ని ఉన్నదున్నట్టే ఫోన్లో చెప్పింది. ఆయన అప్పుడు బండి మీద రేపల్లె వెళ్తున్నాడు, వెనక లారీ హారన్. "రెండో చెరువు పట్టిస్తున్నామండి, సరేనా?" అంటే "ఆఁ సరే సరే, తొందరగా రమ్మను" అన్నాడు.

అప్పుడైనా చెప్పాల్సింది. పది అడుగుల దూరంలో కూర్చుని ఉంది ఆవిడ. నేను లేచి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ వచ్చి కూర్చున్నాను. ఇంకాస్త చూద్దాం అనుకున్నాను. రెండు గంటలు గడిచాక భయమేసి ఆయనకి నేనే ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఇంటికి చేస్తే ఆయన భార్య ఎత్తింది.

"వల లాగేశారమ్మా. ఇంత చిన్న రొయ్య ఎందుకు పట్టమన్నారని వాళ్ళే అడుగుతున్నారు. మాకేం తెలుసు, ఆయన సరే అన్నాడంటగా?"

వేలి పొడవు కూడా ఎదగని ఆరోగ్యంగా ఉన్న రొయ్య గట్టు మీదికొచ్చింది. మూడో చెరువు పట్టడానికి ఆ రోజు మళ్ళీ వలవాళ్ళు దొరకలేదు, మర్నాటికి అందులో రొయ్యంతా చచ్చి తేలింది. రెండు చెరువులూ పోయాయి.

ప్రసాద్ గారు అందర్నీ కూర్చోబెట్టారు. ఏ నోట్సు ఎవరు ఏ రోజు రాశారో కంప్యూటరులో అంతా ఉంటుంది, ఆవిడ పొద్దుటి నుంచీ అదే తిరగేస్తోంది. "ఎలా జరిగిందండి ఇది?" అని ఆయన అడిగారు. "పట్టుబడి ఏజెంటు నాదండి. చెరువు ఎటు నుంచి లెక్కపెట్టారన్నది దానికి అందలేదు. నేను అడిగి తెలుసుకోవాల్సింది. ఇవాళే సరిచేశాను" అంది రెహానా గారు. ఆయన ఆవిడ మీద కేకలేశారు. నేనెప్పటి నుంచో చూడాలనుకున్న దృశ్యమే అది. తల ఎత్తి చూడలేకపోయాను.

సాయంత్రం మెట్ల మీద ఆవిడను ఆపాను. "నేను ఎప్పుడు రాసుకున్నానో మీరు చూశారు కదండీ?"

"చూశాను."

"మరి సార్‌కి చెప్పలేదేం?"

"ఆయనకి దేనికమ్మా ఆ మాట? ఆయనకి కావలసింది ఏజెంటు బాగుపడడం, అది చెప్పాను. నువ్వెందుకు దాచావో తెలిస్తే నిన్ను పంపించేస్తాడు. చెరువులు తిరిగొస్తాయా?"

"మరి ఎవరికి కావాలి?"

ఆవిడ క్యారేజీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "నీ దగ్గరుండిపోయిన మాట కదా. నువ్వే ఆలోచించుకో" అని దిగి వెళ్ళిపోయింది. రెండు చెంపలూ వాయించినా ఇంత కోపం వచ్చేది కాదు. నన్ను క్షమించడంలో కూడా ఆవిడదే పైచేయి అయింది. ఏడ్చాను. పశ్చాత్తాపం సగం, ఉక్రోషం సగం.

ఆ తర్వాత రెండు నెలలకే ఆవిడ భర్తకి బాపట్ల బదిలీ అయి ఆవిడ వెళ్ళిపోయింది. అక్కడే ఇంకేదో ఆఫీసులో చేరిందట. నా కుర్చీ నాకొచ్చింది. వచ్చిన కుర్చీలో కూర్చుంటే ఇప్పుడు ఆవిడ పక్కన కూర్చుని చీటీలు రాస్తున్నది ఎవరో, ఆ వంకాయ కూర ఎవరు తింటున్నారో అన్న ఆలోచనే. ఆవిడ ఉన్నప్పుడు ఆవిడ మీద అసూయ, వెళ్ళాక ఆవిడ దగ్గరున్నవాళ్ళ మీద అసూయ.

ఒకరోజు రికార్డులు వింటుంటే సాంబశివరావు గారి ఫోన్లలో ఆయన గొంతు వినపడడం మానేసిందని గమనించాను. అన్నీ కొడుకే మాట్లాడుతున్నాడు. ఏదో పని పెట్టుకుని నేనే అతనికి ఫోన్ చేసి, నాన్నగారు ఎలా ఉన్నారని అడిగాను.

"నాన్నని చెరువుల దగ్గరికి పంపట్లేదండి. తప్పు నంబరుకి సరే అన్నాడు కదా, అప్పట్నుంచీ ఆయనకే తన మీద నమ్మకం పోయింది. నాకు మతి తప్పుతోందిరా అంటాడు. అమ్మ కూడా తాళాలు ఆయనకివ్వట్లేదు."

ఆ మాట ఎవరికి కావాలో నాకు అప్పుడు తెలిసింది. ఆవిడకి ఆ రోజు మెట్ల మీదే తెలిసి ఉంటుందని కూడా తెలిసింది.

ఆదివారం పొద్దున తెనాలి నుంచి రేపల్లె రైలెక్కాను. అక్కణ్ణుంచి ఆటో. ఆయన వరండాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. నేనెవరినో చెప్పగానే భార్యా కొడుకూ కూడా వచ్చి నిలబడ్డారు. కూర్చోమన్నా కూర్చోకుండా చెప్పాను. లెక్క రెండు వైపుల నుంచీ ఉందని నాకు ముందే తెలుసు. కావాలనే చెప్పలేదు. మీకు ఫోన్ వచ్చేటప్పటికే ఆ నంబరు తప్పని నేను చూశాను. ఆఫీసులో ఒకరి మీద కుళ్ళుతో ఊరుకున్నాను. మీ మతికేం కాలేదండి, రోడ్డు మీద లారీల మధ్య ఎవరైనా "సరే" అనే అంటారు.

ఆయన నన్ను తిట్టలేదు. కొడుకు వైపు తిరిగాడు.

"విన్నావంట్రా?" అన్నాడు. మళ్ళీ నా వైపు చూసి, "ఇంకోసారి చెప్పమ్మా. మీ అత్తకి సరిగ్గా వినపడిందో లేదో" అన్నాడు.

ఇంకోసారి చెప్పాను. మొదటిసారి కన్నా రెండోసారి చెప్పడం కష్టమైంది. ఆయన భార్య లోపలికి వెళ్ళి తాళాల గుత్తి తెచ్చి మంచం మీద పెట్టింది. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని, చెప్పులు తొడుక్కుని, నాతో ఒక్క మాటైనా అనకుండా చెరువుల వైపు వెళ్ళిపోయాడు. నాకు మంచినీళ్ళు కూడా ఎవరూ ఇవ్వలేదు. ఇవ్వాలని నేనూ అనుకోలేదు.

సోమవారం ప్రసాద్ గారికి కూడా చెప్పేశాను. తిట్టారు, నెల రోజులు సరిగ్గా మాట్లాడలేదు, పంపించలేదు. ఇప్పుడు మా ఏజెంట్లు పది. సోమవారం నాలుగింటికి ఎవరి దగ్గర ఏం మాట ఉండిపోయిందని నేనే అడుగుతున్నాను, ముందు నా దగ్గరున్నదే బయటపెడుతున్నాను. ఎవరైనా "లేదండి" అని మరీ గట్టిగా అంటే వాళ్ళ పక్కన ఇంకో రెండు నిమిషాలు కూర్చుంటున్నాను. పని మొత్తం ఆవిడ నేర్పిందే. వేరే విధంగా చేద్దామని ప్రయత్నించాను, రాలేదు.

పండక్కీ పబ్బానికీ రెహానా గారు ఫోన్ చేస్తుంది. దగ్గు తగ్గిందా అని అడుగుతుంది. నేను సాంబశివరావు గారింటికి వెళ్ళిన సంగతి మాత్రం ఆవిడకి ఇంతవరకు చెప్పలేదు. చెబితే ఎంత సంతోషిస్తుందో నాకు తెలుసు. నోటి దాకా వస్తుంది. ఆ సంతోషం కూడా ఆవిడకేనా అనిపించి ఆగిపోతాను. ఈ కాగితాలు ఎప్పుడైనా బాపట్ల దాకా వెళ్ళి ఆవిడ చదివితే చదవనీ. నా నోటితో మాత్రం చెప్పను.